కట్టని గేదె

నేను రాసిన వార్తకు ఎవరో దండ వేశారు.

కంచరపాలెంలో రైల్వే గేటు దగ్గర స్కూటరు టైరు పంచరైతే, అతుకు వేసేదాకా పక్కనున్న దాణా కొట్టు నీడలో నిలబడ్డాను. నూనె తీసిన వేరుశనగ చెక్క బస్తాల వెనక గోడ మీద, లామినేషన్ చేయించిన పాత పేపరు ముక్క ఒకటి వేలాడుతోంది. దానికి ప్లాస్టిక్ బంతిపూల దండ. దండ మధ్యలో ఒక మనిషి, ఆయన పక్కన ఒక ముర్రా గేదె. ఇద్దరూ కెమెరాను వదిలేసి ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఫోటో కింద మూడు కాలమ్‌ల వార్త. పన్నెండేళ్ళ కిందట నేను రాసిందే.

"ఎప్పుడు?" అని అడిగాను కొట్టాయన్ని.

"నెల్లాళ్ళైపోనాది బాబూ. గెడ్డ కాడ గడ్డి కోత్తా కోత్తా కూకుండిపోనాడు. మరి నెగనేదు. ఆలింట్లో ఫోటో ఒక్కటీ నేదు. ఆధార్ కార్డుది ఉన్నాది గానీ, అందులో దొంగనాగ ఉంతాడు. అందుకే దీనికే ఏసినాను దండ."

ఆయన పేరు నేనిక్కడ రాయడం లేదు. అది ఆయన కోరికే. ఎందుకు కోరాడో తర్వాత చెబుతాను.

ఎవరి పశువుల సాలలో అడుగుపెట్టినా ఆయన ముందు గేదెను చూసేవాడు కాదు, అది నిలబడ్డ నేలను చూసేవాడు. లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, మూత్రం నిలిచే గుంట పక్కన గొంతుక్కూర్చుని, తల వంచి గట్టిగా గాలి పీల్చేవాడు. ఒక్కోసారి భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకునేవాడు. కొత్తగా చూసినవాళ్ళు ఏడుస్తున్నాడనుకునేవారు. "కళ్ళు మండిపోతన్నాయి. సెక్క ఎక్కువెట్టేత్తన్నావు," అంటూ లేచేవాడు. తర్వాత ఎడమకాలి బొటనవేలితో పేడను కదిపి, జారుగా ఉందో గట్టిగా ఉందో చూసేవాడు. అప్పటికి గానీ గేదె ముఖంలోకి చూసేవాడు కాదు. చూసి, ఒకే ప్రశ్న వేసేవాడు.

"కట్టిందా?"

గేదె చూడి కట్టిందా అని. పశువులున్నవాళ్ళ మధ్య 'చూడి' అని విడిగా చెప్పక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు. ఆయనకు అది పలకరింపు కూడా. పోర్టులో సరుకు దించే కాంట్రాక్టు పని ఆయనది. పని లేని రోజు కంచరపాలెం సందుల్లో గేదెలున్న ఇళ్ళన్నీ తిరిగేవాడు. వీధి మొదట్లో కనపడితే చాలు, "కట్టిందా బావ వత్తన్నాడ్రోయ్!" అని కేకలు వేసేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఒకసారి ఓ పెళ్ళికి ఆలస్యంగా వెళ్ళాడట. పెళ్ళికూతురి తండ్రికి రెండు గేదెలున్నాయి. పందిట్లోకి వస్తూనే ఆయన్ని పట్టుకుని, "కట్టిందా?" అన్నాడు.

"కట్టీసినాడు బావా. ఇప్పుడే అయ్యింది. బంతి ఏత్తన్నారు, పద," అన్నాడు పాపం ఆ తండ్రి.

"కట్టీసినాడేటి? నానడిగింది నీ గేది సంగతి!"

ఈ కథ నాకు ఆయనే చెప్పాడు. చెప్పి నవ్వలేదు. "అందరూ నవ్వినారు బాబూ. గేది కట్టిందో నేదో మాత్రం ఎవులూ సెప్పనేదు," అన్నాడు.

ఆయన గేదెకు గడ్డి కడిగి పెట్టేవాడు. గెడ్డ వాగు గట్టున మొలిచిన గడ్డి మీద పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు మసి పేరుకుంటుంది. కట్టను నీళ్ళ డ్రమ్ములో ముంచి, తిప్పి, దులిపి, మళ్ళీ ముంచేవాడు. నీళ్ళు నల్లగా మారేవి. "మనకైతే కూరగాయలు కడగరేటి?" అనేవాడు. డ్రమ్ము పక్కన ఇంకో తొట్టిలో కుడితి. అందులో తవుడెంత, నూకెంత, చెక్కెంత పడాలో ఆయన అరచేతికి తెలుసు. ఆ చెయ్యి కొలత ఊరికే రాలేదు. దాని వెనక ఒక గేదె ఉంది. ఫోటోలో ఉన్నది అదే. పేరు పైడి.

ఊరి శివార్లలో పాల పోటీ జరిగితే పైడి గెలిచింది. వార్త కోసం నన్ను పంపారు. మాది కృష్ణా జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన కుటుంబం. నేను క్వార్టర్సులో పెరిగాను. పాలు మా ఇంటికి ప్యాకెట్లో వచ్చేవి. గేదెను అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. నురగ తొణికిపోతున్న బిందెల పక్కన ఆయన నిలబడి ఉన్నాడు. రహస్యం ఏమిటని అడిగాను.

"రహస్యమేటి బాబూ. సెక్క. ఏరుసెనగ సెక్క, పత్తి సెక్క. తిన్నంత ఎడతన్నాను," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, పోటీలో గెలిచినవాడి మొహం కాని మొహంతో అన్నాడు: "ఈని అయిదో నెల. సూదులు కూడా ఏయించినాను. పాలయితే ఇత్తాది గానీ, ఇంకా కట్టనేదు బాబూ."

సూదులంటే జబ్బుకు వేసేవనుకున్నాను, చూడి కట్టడానికి వేయిస్తారని తెలియదు. కట్టనేదంటే తాడుతో కట్టెయ్యలేదనుకున్నాను. మర్నాడు పేపర్లో ఇలా వచ్చింది: 'రోజూ దండిగా చెక్క పెట్టడం, గేదెను ఇప్పటివరకు కట్టెయ్యకుండా స్వేచ్ఛగా పెంచడం తన విజయ రహస్యమని ఆయన తెలిపారు.' నాకు బాగా నచ్చిన వాక్యం అది. స్వేచ్ఛ అన్న మాట నేనే చేర్చాను. పైన ఫోటోలో ఆయన చేతిలో పైడి మెడకు కట్టిన పలుపు తాడు స్పష్టంగా కనపడుతోంది. దాన్ని నేనూ చూడలేదు, డెస్కూ చూడలేదు.

నాలుగో రోజున ఆయన పేపరు మడిచి పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి పైకొచ్చాడు.

"ఫోటో బాగొచ్చినాది బాబూ. మా ఇంటిదయితే నా కన్నా గేదే బాగా పడ్డాదంతంది. గానీ ఒక్క మాట తప్పడిపోనాది."

తప్పేమిటో ఆయన వివరించడం అయ్యేసరికి డెస్కులో అందరూ పని ఆపేశారు. మా సీనియర్ సబ్‌ఎడిటర్‌కు నవ్వుతో టీ కొరబోయింది. "సవరణ ఏమని వేద్దామయ్యా? ఫలానా గేదె గర్భవతి కాలేదని తెలియజేయుటకు చింతిస్తున్నామనా?" అన్నాడు. నేనూ నవ్వాను. ఆయన కూడా మర్యాదకు కొంచెం నవ్వాడు.

"నవ్వండి బాబూ. గానీ మార్సండి. సెక్కెట్టమని ఉన్నాది, కట్టనేదన్న మాట నేదు. సగమే ఎక్కినాది. సదివినోలు సెక్కెడతారు, కట్టకుండా పోద్దని ఆలకి తెలీదు కదా."

అప్పటికి ఆయనకూ అది అనుమానమే. ఇంకోసారి గేదెల మీద రాసేటప్పుడు సరిచేస్తానన్నాను. ఇంకోసారి రాయలేదు.

ఆరేడు నెలల తర్వాత మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో పేపరు లేదు. పైడి ఒట్టిపోయింది. కడుపులో దూడ లేదు. పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం చెప్పిందో నాకు వంటింటి భాషలో చెప్పాడు.

"కడుపులో ఉడకాలంటే మంట గావాల కదా బాబూ. తవుడు, నూక, గడ్డి, అయ్యి మంట. సెక్క బియ్యం నాంటిది. పొయ్యిలో కట్టెలు నేకండా కుండెడు బియ్యం పోసేత్తే ఏటవుద్ది? ఉడకదు. ఉడకనిదంతా ఇసమై రగతంలో కలిసిపోద్దంట. కొంత ఉచ్చలో పోద్ది, కొంత పాలల్లో కలుత్తాది, కొంత గర్భసంచి కాడికెల్తాది. అక్కడ పిండం నిలబడదు. సూది మీద సూది ఏయించినా నిలబడదు."

"మరి పాలు?"

"పాలిత్తానే ఉంతాది. అదే మోసం. పాలు ఈ యేటివి బాబూ, దూడ మీదటి యేటిది. ఈ యేడు నిండుగా పిండుకున్నాను."

పైడిని లారీవాళ్ళకు ఇచ్చేశాడు. ఎక్కడికి వెళుతుందో ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఆ మాట అనలేదు. "లారీ ఎక్కనంది. నలుగురు తోసినా ఎక్కనేదు. ఆకరికి పలుపు నా సేతికిచ్చినారు. నాను ముందెక్కితే, నా ఎనకాల ఎక్కీసినాది," అన్నాడు.

నా వల్లే అనబోయాను. అననివ్వలేదు. "మీరు తెలీక రాసినారు. రెండో సూది తప్పినప్పుడే నాకు తెలుసు ఏదో తేడా ఉన్నాదని. తెలిసి ఎట్టినాను. పోటీ ఉన్నాది కదాని. ఇప్పుడొక్కటి సెయ్యండి బాబూ. నా పేరు తీసీండి. ఫోటో తీసీండి. ఆ మాటొక్కటి సరిగ్గా ఎట్టండి. పేరు నాకెందుకు, మాట గావాల."

సేద్యం పేజీలో వివరంగా రాస్తానన్నాను. నిజంగానే రాద్దామనుకున్నాను. ఆ వారం తుఫాను వచ్చింది. తుఫాను సద్దుమణిగేసరికి ఎన్నికలు వచ్చాయి.

ఆ తర్వాత ఒక సాయంత్రం కంచరపాలెం నుంచి ఫోన్లో వచ్చిన చిన్న సమాచారాన్ని నేనే మూడు లైన్ల వార్తగా కుదించాను. 'రైలు ఢీకొని గేదె మృతి. నిలిచిన రాకపోకలు.' రైలు ఎంతసేపు ఆగిందో రాశాను. గేదె ఎవరిదో రాయలేదు. మర్నాడు పొద్దున ఆఫీసు మెట్ల దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. "ఒక్కసారి రండి బాబూ," అన్నాడంతే. స్కూటరు వెనక ఎక్కి దారి చూపించాడు.

పట్టాలకు పాతిక అడుగుల దూరంలో రేకుల సాల. గుమ్మం దగ్గర అప్పలనర్సమ్మ అనే ఆవిడ కూర్చుని ఉంది. భర్త లేడు. ఉన్న ఒక్క గేదె మీదే ఇల్లు నడిచేది. లోపల కుడితి తొట్టి నిండుగానే ఉంది, ఎవరూ ఒంపలేదు. తొట్టి పైన రేకుకు, వాసానికి మధ్య నా వార్త దోపి ఉంది.

ఆయన అలవాటుగా నేల వైపు చూశాడు. ఖాళీగా ఉన్న ఆ నేలను చాలాసేపు చూశాడు. ఆ రోజు ఏ ప్రశ్నా అడగలేదు. ఆవిడే చెప్పింది.

"కట్టినాది అన్నా. నువ్వు సెప్పినట్టే సెక్క తగ్గించి తవుడు కలిపినాను. మూడో నెల. మొన్ననే డాక్టరమ్మ సెయ్యెట్టి సూసి సెప్పినాది. నీకు సెబుదామనుకుంతన్నాను."

ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"మరి ఎందుకమ్మా వదిలేశారు, పట్టాల పక్కన?" అన్నాను. తెలిసే అడిగాను.

"కట్టకూడదని పేపర్లో ఉన్నాది కదా బాబూ. కట్టకపోతే పాలు బాగా ఇత్తాదంట. పక్కింటి పాప సదివి ఇనిపించినాది. దొడ్డి నేదు, ఆరు బయట ఒదిలినాను. మీరు పేపరోలా? ఎవులు రాసినారు బాబూ అది?"

"మా పేపర్లో వచ్చిందమ్మా," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏమనేవాణ్ణో నాకు తెలియదు. రాసింది నేనేనని ఆవిడకు ఆయన ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదట.

ఆ వారమే సవరణ వేయించాను. నేను రాసిచ్చింది ఇది: '‘కట్టెయ్యకుండా’ అని ఉన్నచోట ‘ఇంకా చూడి కట్టకుండానే’ అని చదువుకోవాలి.' అచ్చులో చోటు చాలక ఎవరో ఒక మాట తీసేశారు. పొద్దున్నే చూస్తే, '‘కట్టెయ్యకుండా’ అని ఉన్నచోట ‘ఇంకా కట్టకుండానే’ అని చదువుకోవాలి' అని ఉంది. ఏడో పేజీలో, టెండరు ప్రకటన కింద.

ఆయన వచ్చి చూశాడు. కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. "ఎక్కినాది బాబూ," అన్నాడు. "గానీ మల్లీ అదే." పేపరును నాలుగు మడతలు వేసి లుంగీలో దోపుకున్నాడు. మళ్ళీ ఆఫీసుకు రాలేదు.

సందుల్లో ఇల్లిల్లూ తిరగడం ఆ తర్వాతే మొదలైంది. నేను రెండు మూడుసార్లు ఆయన వెంట వెళ్ళాను. మాట చెప్పడం ఆయనకూ అంత తేలికైన పని కాదని అప్పుడు తెలిసింది. ఒకావిడ ఆయన మాట విని చెక్క పూర్తిగా మానేసింది. గేదె డొక్కలు తేలిపోయి, పాలు పడిపోయి, ఎదకు రావడం కూడా మానేసింది. ఆయన గుంట దగ్గర కూర్చుని వాసన చూసి, ఈసారి కళ్ళు తుడుచుకోకుండానే లేచాడు.

"ఏటమ్మా, మానీమన్నానేటి? తగ్గించమన్నాను."

"నువ్వే కదేటి సెక్క ఇసమన్నావు!"

"బియ్యం నేకండా ఉత్త మంటెట్టుకుంతే కుండ పగిలిపోదేటి? రెండూ గావాల తల్లీ."

"ఒకపాలి ఎట్టొద్దంతావు, ఒకపాలి ఎట్టమంతావు. నీకేటి తెలుసు? నీ గేది లారీ ఎక్కిపోనాది కదా!"

ఆయన తొట్టి దగ్గరకు వెళ్ళి, ఆవిడ చెక్క డబ్బాలోంచి రెండు చేతులతో ఒక దోసెడు, తవుడు బస్తాలోంచి మూడు దోసిళ్ళు తీసి కలిపి, "రోజూ ఇదే," అని ఆ చేతులు ఆవిడకు చూపించాడు. బయటకు వచ్చాక నాతో అన్నాడు. "అదన్నది నిజమే బాబూ. లారీ ఎక్కిపోనాది కాబట్టే కదా తెలిసింది."

పైడి తర్వాత ఆయన కొన్న గేదె ఏడాది తిరిగేసరికి ఈనేది. పాలు మధ్యరకం. మళ్ళీ ఏ పోటీకీ తోలుకెళ్ళలేదు. ఈ దాణా కొట్టుకు మాత్రం వచ్చినప్పుడల్లా ఆ కాగితం తీసెయ్యమని గొడవపడేవాడట.

"వారానికొకపాలి ఇదే రగడ," అన్నాడు కొట్టాయన, దండ సర్దుతూ. "బావా, నీ ఫోటోయే కదా, ఉండనీ అనీవోణ్ణి. పాపం, మొహమాటం మనిసి. పేరు రావడం ఇట్టం నేదు."

మొహమాటం కాదని చెప్పబోతుండగా ఒకావిడ సంచీతో వచ్చింది. వేరుశనగ చెక్క అడిగింది. కొట్టాయన తక్కెడలో చెక్క ముక్కలు వేస్తుంటే నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

"కట్టిందా అమ్మా?"

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "నేదు బాబూ. మూడు సూదులైపోనాయి. తిరగ ఎదకొచ్చేత్తంది."

"చెక్క తగ్గించి చూడండి. మానెయ్యొద్దు, తగ్గించండి. తవుడు, నూక కలపండి. డాక్టరుకు ఒకసారి చూపించండి."

కొట్టాయన తక్కెడ ఆపి నా వైపు చూశాడు. ఆవిడ నా వైపు కాక గోడ వైపు చూసింది.

"ఆయన దండిగా ఎట్టీవోడంట కదా? ఈ కొట్టాయనే సదివి ఇనిపించినాడు."

"అది రాసింది నేనేనమ్మా. తప్పు రాశాను."

పన్నెండేళ్ళ తర్వాత ఆ మాట మొదటిసారి పైకి అన్నాను. ఆవిడ నవ్వింది. నేను హాస్యమాడుతున్నానని అనుకుంది. "దండేసిన మనిసి తప్పు సెబుతాడేటి బాబూ?" అంది.

"గేదె ఇప్పుడెక్కడుంది?"

"గేటు అవతల. పట్టాల పక్కన మేత్తంతాది."

"కట్టెయ్యలేదా?"

ఆవిడ మళ్ళీ ఆ కాగితం వైపే చెయ్యి చూపించింది. "ఒద్దని రాసినారు కదా."

గేటు పడబోతున్నట్టు గంట మొదలైంది. చెక్క బస్తాల పైన మేకుకు కొత్త పలుపులు వేలాడుతున్నాయి. ఒకటి ఇమ్మన్నాను.

"మీకెందుకు బాబూ పలుపు? గేదిని కొన్నారేటి?" అన్నాడు కొట్టాయన.

తీసుకుని ఆవిడ చేతికిచ్చాను. పలుపు పట్టుకుని ఆవిడ గోడ మీది మనిషిని చూసింది, నన్ను చూసింది. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తేల్చుకోలేకపోతోంది. ఫోటోలో ఆయన చేతిని వేలు పెట్టి చూపించాను.

"చూడండమ్మా. ఆయన పట్టుకున్నదేమిటో చూడండి."

ఆవిడ దండను పక్కకు జరిపి చూసింది. చెక్క సంచీ అక్కడే వదిలేసి, పలుపు పట్టుకుని గేటు వైపు పరుగెత్తింది.